ప్రత్యర్థుల నవ్వు: ‘ద ఈగిల్ షూటింగ్ హీరోస్’ చిత్రంలో వీరం, హాస్యం, అనుకృతి

వ్యాససంగ్రహం

జెఫ్రీ లావ్ దర్శకత్వంలో 1993లో విడుదలైన హాంకాంగ్ చిత్రం ‘ద ఈగిల్ షూటింగ్ హీరోస్’. జిన్ యోంగ్ రాసిన ప్రసిద్ధ చైనీస్ వీరగాథా నవలలోని మహావీరులను ఈ చిత్రం హాస్యపాత్రలుగా చూపింది. ఇదే నటవర్గంలో ఎక్కువమందితో, ఇదే నవల ఆధారంగా వాంగ్ కార్-వాయ్ ‘యాషెస్ ఆఫ్ టైమ్’ (1994) అనే గంభీరచిత్రాన్ని రూపొందించాడు. గంభీరచిత్రం విమర్శకుల గౌరవం పొందగా, హాస్యచిత్రం దానికి ఉపోత్పత్తిగా మాత్రమే పరిగణన పొందుతూ వచ్చింది. ఆ అంచనాను ఈ వ్యాసం పునఃపరిశీలిస్తుంది. వీరరసానికి ఆలంబనం జయింపదగిన ప్రత్యర్థి అనే భారతీయ అలంకారశాస్త్ర భావన ఆధారంగా, ఈ చిత్రంలోని హాస్యం మూలకథను చెరపలేదనీ, ప్రత్యర్థుల మధ్య మూలంలోనే దాగివున్న ఆత్మీయతను వెలికితీసిందనీ నిరూపించడం దీని లక్ష్యం.

కీలకపదాలు: వూషియా, జిన్ యోంగ్, హాస్యరసం, రసాభాస, పేరడీ, ఆలంబన విభావం, హాంకాంగ్ సినిమా.

1. ఉపోద్ఘాతం

చైనీస్ కథాసాహిత్యంలో ఖడ్గవీరుల కథలను ‘వూషియా’ అంటారు. ఇందులో ‘వూ’ యుద్ధవిద్యను, ‘షియా’ ధర్మం కోసం నిలబడే వీరుని గుణాన్ని సూచిస్తాయి. ఈ కథలు జరిగే లోకానికి ‘జియాంగ్‌హు’ అని పేరు. ఈ మాటకు అక్షరార్థం నదులు, సరస్సులు. రాజశాసనానికి వెలుపల, గురుశిష్య సంబంధాలూ ప్రతిజ్ఞలూ పగలూ నడిపించే లోకమది. అక్కడ ఒక వీరుని స్థాయి అతని ప్రత్యర్థిని బట్టి నిర్ణయమవుతుంది. సమానుడైన శత్రువు లేని వీరుడికి కీర్తి లేదు.

ఇంతటి గాంభీర్యం ఉన్న సంప్రదాయం హాస్యానికి సులభంగా లొంగుతుంది. ఎత్తు ఎక్కువైనకొద్దీ పడడంలో నవ్వు కూడా ఎక్కువే. అయితే ఈ చిత్రంలో నవ్వు కేవలం పతనం నుంచి పుట్టిందా, లేక మూలకథలోని ఏదైనా సత్యాన్ని ఆశ్రయించి పుట్టిందా అన్నది పరిశీలించవలసిన ప్రశ్న. మొదటిదే నిజమైతే ఇది ఒక పండుగనాటి వినోదంగా మిగులుతుంది. రెండవది నిజమైతే ఇది మూలనవలకు హాస్యమార్గంలో చేసిన వ్యాఖ్యానం అవుతుంది.

2. మూలకథ: అయిదుగురు ప్రత్యర్థులు

జిన్ యోంగ్ (1924–2018) కలంపేరుతో ప్రసిద్ధుడైన లూయీ ఛా రచించిన ‘ద లెజెండ్ ఆఫ్ ద కాండోర్ హీరోస్’ 1957–1959 మధ్య హాంకాంగ్ దినపత్రికలో ధారావాహికంగా వెలువడింది. నవల మొదలయ్యేనాటికే అయిదుగురు మహావీరులు లోకప్రసిద్ధులు. తూర్పున నియమాలను లెక్కచేయని హువాంగ్ యావ్‌షి, పశ్చిమాన విషవిద్యలో దిట్ట అయిన ఓయాంగ్ ఫెంగ్, దక్షిణాన రాజైన దువాన్, ఉత్తరాన బిచ్చగాళ్ల సంఘానికి నాయకుడైన హోంగ్ చిగోంగ్, నడుమ తావో మతగురువు వాంగ్ చోంగ్‌యాంగ్. ‘నవ యిన్ గ్రంథం’ అనే యుద్ధవిద్యా గ్రంథం ఎవరికి దక్కాలో తేల్చుకోవడానికి ఈ అయిదుగురూ హువాషాన్ పర్వతం మీద తలపడతారు. వాంగ్ చోంగ్‌యాంగ్ గెలుస్తాడు.

ఈ పోటీకి చైనీస్ పాఠకులలో స్థిరపడిన పేరు ఇక్కడ ముఖ్యం. దాని అర్థం ‘హువాషాన్ మీద ఖడ్గచర్చ’. అందులోని క్రియాపదం పోరాడటాన్ని కాక, చర్చించడాన్ని సూచిస్తుంది. ఒక శాస్త్రాన్ని లోతుగా ఎరిగినవారు వాదానికి కూర్చున్నట్టుగా ఈ వీరులు కత్తులతో మాట్లాడుకుంటారు. వాదానికి సమఉజ్జీ కావాలి. అందువల్ల ప్రత్యర్థి శత్రువు మాత్రమే కాడు. తన విద్య విలువ తెలిసిన లోకంలోని అతికొద్దిమందిలో ఒకడు.

ఈ భావానికి పరాకాష్ఠ తరువాతి నవల ‘ద రిటర్న్ ఆఫ్ ద కాండోర్ హీరోస్’లో కనిపిస్తుంది. జీవితమంతా వైరంతో గడిపిన హోంగ్ చిగోంగ్, ఓయాంగ్ ఫెంగ్ వార్ధక్యంలో అదే హువాషాన్ మీద మళ్లీ కలుస్తారు. రోజుల తరబడి పోరాడి శక్తి ఉడిగిపోయాక, కదలలేని స్థితిలో యువకుడైన యాంగ్ గువో ద్వారా ఎత్తుకు పైఎత్తు చూపించుకుంటారు. హోంగ్ చివరి ఎత్తుకు ఓయాంగ్ విరుగుడు కనిపెట్టగానే ఆ ప్రతిభకు పరవశించిన హోంగ్ అతన్ని కౌగిలించుకుంటాడు. ఇద్దరూ నవ్వుతూ ప్రాణాలు విడుస్తారు. వీరగాథ అత్యంత గంభీరమైన ఘట్టంలో నవ్వును నిలపడం జిన్ యోంగ్ స్వయంగా చేసిన పని. ఈ వ్యాసవాదానికి ఇదే ఆధారం.

3. రెండు చిత్రాలు, ఒకే నటవర్గం

వాంగ్ కార్-వాయ్ 1990ల తొలినాళ్లలో ఈ నవలలోని వీరుల యౌవనాన్ని ఊహిస్తూ ‘యాషెస్ ఆఫ్ టైమ్’ చిత్రీకరణ చేపట్టాడు. నిర్మాణం సాగుతూ పోయింది, వ్యయం పెరిగింది. చైనీస్ నూతన సంవత్సర కాలానికి ఒక చిత్రం అందించవలసిన అవసరం ఏర్పడింది. ఆ స్థితిలో వాంగ్‌కు సహచరుడైన జెఫ్రీ లావ్ అదే తారలలో ఎక్కువమందితో తక్కువ కాలంలో ఒక హాస్యచిత్రం పూర్తి చేశాడు. అది 1993 ఫిబ్రవరిలో విడుదలైంది. గంభీరచిత్రం మరుసటి ఏడాదికి గాని ప్రేక్షకుల ముందుకు రాలేదు. అంటే అనుకరణ ముందు వచ్చింది, అనుకార్యంగా భావింపబడేది తరువాత వచ్చింది. ఈ కాలక్రమం ఒక విషయాన్ని స్పష్టం చేస్తుంది: లావ్ చిత్రం వాంగ్ చిత్రానికి పేరడీ కాజాలదు. రెండూ ఒకే మూలానికి సమాంతరంగా చేసిన రెండు పఠనాలు.

పేర్లలోనూ ఈ సమాంతరత ఉంది. గంభీరచిత్రం చైనీస్ పేరుకు ‘తూర్పు వక్రుడు, పశ్చిమ విషం’ అని అర్థం. హాస్యచిత్రం పేరు అదే తూర్పుపడమరలను తీసుకుని ‘అన్ని దిక్కులా శుభం, సఫలం’ అనే అర్థమిచ్చే పండుగ దీవెనగా మలిచింది. రెండు చిత్రాలకూ పోరాట దర్శకుడు సామో హంగ్ ఒక్కడే.

పాత్రల పంపకంలో మార్పు మరింత ఆసక్తికరం. గంభీరచిత్రంలో ఓయాంగ్ ఫెంగ్‌గా నటించిన లెస్లీ చాంగ్ ఇక్కడ హువాంగ్ యావ్‌షి అయ్యాడు. అక్కడ హువాంగ్ అయిన టోనీ లియుంగ్ కా-ఫాయ్ ఇక్కడ దువాన్ అయ్యాడు. అక్కడ చూపు మసకబారుతున్న ఖడ్గవీరుడైన టోనీ లియుంగ్ చియు-వాయ్ ఇక్కడ ఓయాంగ్ ఫెంగ్. జాకీ చాంగ్ ఒక్కడు రెండింటిలోనూ హోంగ్‌గానే ఉన్నాడు. తూర్పు, పడమర వీరుల ముఖాలు ఇలా మారిపోగలగడం ప్రత్యర్థుల మధ్య దూరం ఎంత తక్కువో సూచిస్తుంది.

నటీనటుల పూర్వపాత్రలు కూడా ఈ చిత్రంలో అర్థాన్ని మోస్తాయి. లెస్లీ చాంగ్, జోయీ వాంగ్ జంట ‘ఎ చైనీస్ ఘోస్ట్ స్టోరీ’ (1987)లో విషాదప్రేమికులుగా ప్రసిద్ధి పొందింది. బ్రిజిట్ లిన్ ‘స్వోర్డ్స్‌మన్ 2’ (1992)లో స్త్రీపురుష భేదాన్ని దాటిన యుద్ధవిద్యానాయక పాత్రతో ప్రేక్షకుల మనసులో నిలిచింది. ఆ స్మృతులతో వచ్చిన ప్రేక్షకుడి ముందు ఇదే తారలు తమను తామే వెక్కిరించుకుంటారు.

4. వీరరసానికి ఆలంబనం తప్పినప్పుడు

అలంకారికుల మతంలో వీరరసానికి స్థాయిభావం ఉత్సాహం. దానికి ఆలంబన విభావం విజేతవ్యుడు, అనగా జయింపదగిన ప్రత్యర్థి. అతని పరాక్రమం, గర్వం, సవాలు ఉద్దీపనలు. ప్రత్యర్థి నిలబడినంతవరకే వీరుని ఉత్సాహం నిలబడుతుంది. అతడు పారిపోతే ఉత్సాహం సన్నగిల్లుతుంది. శరణు వేడితే దయగా మారుతుంది. అతడే ఎదురొచ్చి తనను చంపమని ప్రాధేయపడితే ఏమవుతుంది? శాస్త్రం చర్చించని ఈ పరిస్థితిని జెఫ్రీ లావ్ చిత్రం తన ప్రధాన హాస్యఘట్టంగా చేసుకుంది.

ప్రేమ విఫలమైన హోంగ్ చి బతుకు మీద విరక్తితో ఓయాంగ్ ఫెంగ్‌ను కలుసుకుంటాడు. ఓయాంగ్ క్రూరుడు, రాజ్యాన్ని కాజేయడానికి పథకం వేసినవాడు, చంపడం వృత్తిగా గలవాడు. చావాలనుకునేవాడికి ఇంతకంటే తగినవాడు దొరకడు. హోంగ్ చంపమని కోరతాడు, ఓయాంగ్ సంతోషంగా అంగీకరిస్తాడు. కానీ ప్రతి ప్రయత్నమూ వికటించి దెబ్బ కొట్టినవాడికే తగులుతుంది. చావవలసినవాడు క్షేమంగా ఉంటాడు, చంపవలసినవాడు క్రమంగా శిథిలమవుతాడు. విషానికి మారుపేరైన ఓయాంగ్ పెదవులు విషప్రభావంతో ఉబ్బిపోయి, మాట కూడా సరిగా పలకలేని రూపానికి చేరుకుంటాడు. హాంకాంగ్ హాస్యచిత్రాల చరిత్రలో ఈ ముఖం మరపురాని చిత్రాలలో ఒకటి.

భరతుడు హాస్యవిభావాలలో మొదటగా చెప్పినవి వికృతవేషం, వికృతాలంకారం. ఉబ్బిన పెదవులు ఆ కోవకు చెందినవే. హాస్యభేదాలలో స్మితహసితాలు ఉత్తమపాత్రలకు, అపహసితాతిహసితాలు అధమపాత్రలకు చెందుతాయన్న విభజనను బట్టి చూస్తే, ఈ చిత్రం తన ఉత్తమపాత్రల చేతనే అతిహసితం పుట్టిస్తుంది. అందువల్ల కేవలం ముఖవికారంతో ఈ ఘట్టాన్ని వివరించడం చాలదు. నవ్వుకు మూలం పరిస్థితిలో ఉంది. వైరం లేనివాడితో వైరం సాగించడం అసాధ్యం అన్నది ఆ పరిస్థితి. ప్రత్యర్థి సహకరించినకొద్దీ వీరుని విద్య నిష్ఫలమవుతుంది.

ఇంకా గమనించదగినది ఇద్దరి మధ్య మారిపోయే స్వరం. ఘట్టం సాగేకొద్దీ చంపేవాడికి, చచ్చేవాడికి మధ్య ఒక విధమైన సహవాసం ఏర్పడుతుంది. హోంగ్ ప్రతి దెబ్బకూ ఎదురుచూస్తాడు. ఓయాంగ్ ప్రతి దెబ్బకూ ఆలోచిస్తాడు. లోకంలో మరెవరూ పట్టించుకోని హోంగ్‌ను అంత శ్రద్ధగా పట్టించుకున్నవాడు అతన్ని చంపదలచినవాడే. జిన్ యోంగ్ నవలలో వృద్ధులైన ఈ ఇద్దరే హువాషాన్ మంచులో నవ్వుతూ కౌగిలిలో మరణిస్తారన్నది తెలిసిన పాఠకుడికి ఈ ఘట్టం మరో అర్థాన్నిస్తుంది. ఒకరినొకరు చంపుకోలేకపోవడం యౌవనంలో ప్రహసనంగా మొదలై, వార్ధక్యంలో మైత్రిగా ముగుస్తుంది. నవల అంతంలో ఉన్న నవ్వును చిత్రం ఆరంభానికి తెచ్చింది.

5. శృంగారానుకృతిగా ఖడ్గవిద్య

శృంగారాన్ని అనుకరించడం హాస్యమని భరతుని మతం. అభినవగుప్తుడు దీనిని విస్తరించి, ఏ రసానికైనా అనౌచిత్యం కలిగినప్పుడు పుట్టే ఆభాస హాస్యానికి దారితీస్తుందని వివరించాడు. సీతపై రావణుని కోరిక ఆయన చర్చించిన ప్రసిద్ధ ఉదాహరణ. ఈ చిత్రంలో శృంగారాభాసం ఖడ్గవిద్యలోనే కలిసిపోయింది.

హువాంగ్ యావ్‌షి, అతని గురుసోదరి కలిసి అభ్యసించే జంటవిద్యలు రెండు. వాటి పేర్లు స్థూలంగా ‘కనుబొమలు, కనుచూపులు కలిపే కత్తి’, ‘అనురాగం తెగని ఖడ్గం’. వూషియా నవలల్లో దంపతులు లేదా ప్రేమికులు కలిసి ప్రయోగిస్తేనే ఫలించే ఖడ్గవిద్యలు తరచు కనిపిస్తాయి. అక్కడ ప్రేమ విద్యకు బలం. ఇక్కడ ఆ సూత్రాన్ని అక్షరాలా పాటించడంతో యుద్ధం ఆగిపోతుంది. శత్రువు ముందున్నా చూపులు ఒకరిమీద ఒకరివే. మూడవ రాకుమారి హువాంగ్‌తో కలిసి ఈ విద్యను అభ్యసించవలసివచ్చినప్పుడు గురుసోదరికి అసూయ తప్పదు, ఎందుకంటే ఆ విద్యలో సాధనకూ సరసానికీ మధ్య గీత లేదు.

దువాన్ ఘట్టం దీనికి మరో పార్శ్వం. సిద్ధి పొంది దివ్యత్వం చేరుకోవడానికి అతనికొక నియమం ఉంది: నిజమైన మనసు గలవాడు తనతో మూడుసార్లు ప్రేమిస్తున్నానని పలకాలి. ఆ మనిషి హువాంగ్. స్త్రీవేషంలో దువాన్ ఆడి, పాడి, బతిమాలి ఆ మాట పలికించడానికి పడే పాట్లు చిత్రంలో అత్యంత విశృంఖలమైన హాస్యం. ప్రేక్షకుడు నవ్వుతుండగానే ఒక సంగతి స్పష్టమవుతుంది: చిత్రంలో ప్రతివాడికీ కావలసింది ఆ ఒక్క మాటే. హోంగ్ దాని కోసమే చావబోయాడు, గురుసోదరి దాని కోసమే అలిగింది. గ్రంథం కోసమూ సింహాసనం కోసమూ జరిగే పోరాటాలన్నీ ఆ మాట దక్కనివారి పోరాటాలుగా కనిపిస్తాయి.

‘యాషెస్ ఆఫ్ టైమ్’ చెప్పినదీ ఇదే. అక్కడ ఓయాంగ్ ఫెంగ్ సకాలంలో ఆ మాట చెప్పకపోవడం వల్ల అతని ప్రియురాలు అతని అన్నను పెళ్లాడింది. అతడు ఎడారిలో హంతకులకు బేరాలు కుదిర్చే దళారిగా మిగిలాడు. ఒక చిత్రంలో మాట చెప్పకపోవడం విషాదం, మరొకదానిలో మాట బలవంతాన చెప్పించడం హాస్యం. స్థాయి వేరైనా మూలంలో ఉన్న ఆకలి ఒక్కటే. కనుక రెండు చిత్రాలను ఉత్తమాధమాలుగా కాక, విప్రలంభానికి కరుణహాస్య రూపాలుగా పక్కపక్కన చదవడం సమంజసం.

6. మూలం తెలియని ప్రేక్షకుడు

పేరడీ మూలపరిచయాన్ని కోరుకునే ప్రక్రియ. తెలుగులో జరుక్ శాస్త్రి పేరడీల పూర్తి రుచి భావకవిత్వం, అభ్యుదయ కవిత్వం నోటికి వచ్చిన పాఠకుడికే అందుతుంది. అదే విధంగా హాంకాంగ్ ప్రేక్షకుడికి తూర్పు, పడమర, దక్షిణ, ఉత్తర వీరుల పేర్లు చిన్ననాటి నుంచి నవలల ద్వారా, టెలివిజన్ ధారావాహికల ద్వారా పరిచితం. ఓయాంగ్ ఫెంగ్ అన్న పేరు వినగానే భయం పుట్టవలసిన చోట ఉబ్బిన పెదవులు చూసిన నవ్వు, ఆ పేరు కొత్తగా విన్నవాడికి కలగదు.

అయినప్పటికీ మూలం తెలియనివారికి మిగిలేది శూన్యం కాదు. చంపమని వేడుకునేవాడిని చంపలేని హంతకుడు ఏ భాషలోనైనా అర్థమవుతాడు. ఇక్కడ రెండు పొరలను వేరుచేయాలి. వేషం, పేరు, శ్లేష మీద ఆధారపడిన హాస్యం అనువాదంలో జారిపోతుంది. పాత్రల సంబంధం మీద ఆధారపడిన హాస్యం నిలుస్తుంది. చిత్రంలో రెండవ పొర గట్టిగా ఉన్నచోటల్లా పేరడీ స్వతంత్రరచనగా మారింది.

7. పరిమితులు

ఈ సమర్థన చిత్రంలోని లోపాలను దాచరాదు. రాజ్యం, కుట్ర, గ్రంథాన్వేషణ అనే కథాసూత్రం నామమాత్రం. గుహలో గ్రంథానికి కాపలా ఉండే మృగాల ఘట్టం అవసరానికి మించి సాగింది. మాగీ చాంగ్ వంటి నటికి రాజమాంత్రికురాలి పాత్రలో చేయడానికి పెద్దగా ఏమీ లేదు. పురుషుడు స్త్రీవేషం ధరించడమే నవ్వదగినదన్న భావన మీద దువాన్ ఘట్టం కొంతవరకు ఆధారపడింది. పురుషుల మధ్య ప్రేమను వెటకారంగా చూసే ఆనాటి అలవాటు అందులో ఉంది. ఝౌ బోతోంగ్ అనే పురుషపాత్రను కారినా లావ్ అనే నటి ధరించడంలో అటువంటి వెటకారం లేకపోవడం, రెండు వేషమార్పిడులను చిత్రం ఒకే తక్కెడలో తూచలేదని తెలుపుతుంది.

ఈ లోపాలలో కొన్ని నిర్మాణ పరిస్థితుల ఫలితాలు. పండుగచిత్రంలో తారలందరికీ తలా ఒక ఘట్టం దక్కాలి. అందువల్ల చిత్రం ఏకసూత్రమైన కథగా కంటే ప్రహసనాల వరుసగా సాగుతుంది. హోంగ్–ఓయాంగ్ ఘట్టం ఆ వరుసలో విడిగా నిలబడటానికి కారణం అందులోని హాస్యం తారను కాక సంబంధాన్ని ఆశ్రయించడం.

8. ముగింపు

వ్యాపార అవసరం నుంచి పుట్టిన రచన వ్యాపారానికే పరిమితం కావాలన్న నియమం లేదు. జెఫ్రీ లావ్ రెండేళ్ల తరువాత స్టీఫెన్ చౌతో తీసిన ‘ఎ చైనీస్ ఒడిస్సీ’ (1995)లో చెప్పలేకపోయిన ప్రేమమాటను హాస్యవిషాదాల నడుమ నిలిపాడు. ఆ సమ్మేళనానికి తొలి ప్రయత్నం ఈ 1993 చిత్రంలోనే కనిపిస్తుంది.

ప్రత్యర్థి వీరుడికి ఆలంబనం అన్న శాస్త్రభావనకు ఈ చిత్రం ఒక అనుబంధం చేర్చింది. ఆలంబనం అంటే ఆధారం కూడా. పగ అనే పేరుతో ఒకరినొకరు వెతుక్కునేవారు ఒకరి జీవితానికి మరొకరు ఆధారమవుతారు. వీరగాథ ఆ మాటను చివరి పుట వరకు దాచుకుంటుంది. హాస్యానికి అంత ఓపిక లేదు. కత్తి దూసిన మొదటి ఘట్టంలోనే బయటపెట్టేస్తుంది. హువాషాన్ మీద మరణించిన ఇద్దరు వృద్ధుల నవ్వు, చంపలేక చావలేక అలసిపోయిన ఇద్దరు యువకుల ప్రహసనం ఒకే సంబంధానికి రెండు కొసలు. మొదటిదాన్ని గౌరవించే విమర్శ రెండవదాన్ని తేలికగా తీసివేయడం ఔచిత్యం కాదు.